ఆ విమానం ఎవరిది?

విమానం చప్పుడు వినబడగానే చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరుగెత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకొని ఆకాశంలో వెతకని వాళ్ళు మన తరంలో ఎవరైనా ఉన్నారా? అది కనబడినంతసేపూ చేతులు ఊపేవాళ్ళం. కనుమరుగయ్యాక ఎవరు ముందు చూశారో పోట్లాడుకునేవాళ్ళం. అలా చేతులూపిన వాళ్ళమే ఒకనాడు అదే విమానం ఎక్కి ఈ దేశం వచ్చి పడ్డాం. ఇప్పుడు నెత్తిమీంచి రోజుకి పాతిక వెళ్ళినా తలెత్తి చూడం.

మా నాన్నగారు మాత్రం విమానం చప్పుడు వినబడితే ఇంట్లోకి వెళ్ళిపోయేవారు. విశాఖపట్నంలో మా చిన్నతనంలో, మేం పిల్లలం డాబా మీదికి పరుగెడుతుంటే ఆయన అరుగు మీద చదువుకుంటున్న పేపరు మడిచి, చెప్పులు గుమ్మం పక్కన విడిచి, లోపలికి నడిచేవారు. భయపడినట్టు కనిపించేవారు కాదు. ఎండ ఎక్కువైతే నీడకి జరిగినట్టు జరిగేవారు, అంతే. ఎందుకని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. హెడ్మాస్టరు ఇంట్లో పిల్లలు అన్నీ అడగరు కదా!

ఇంకో సంగతి కూడా నాకు అర్థమయ్యేది కాదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు మా పెదనాన్న ఆయన్ని “ఏరా మనవే, బాగున్నావా?” అని పలకరించేవారు. మా తాతమ్మ ఎవరో ముద్దుగా ‘మనవడా’ అని పిలిచి ఉంటుంది, అదే అరిగిపోయి ‘మనవే’ అయిందనుకున్నాను. ఈ రెండు సంగతులకీ సంబంధం ఉందని నాకు తెలిసింది 1994 వేసవిలో. అప్పటికి నేను ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఇల్లు కొనుక్కొని మూడేళ్ళయింది. అమ్మా, నాన్నగారూ మొదటిసారి మా దగ్గరికి వచ్చారు.

మీ అందరికీ తెలిసిన కథే. పగలంతా మేం ఉద్యోగాలకీ, పిల్లలు బడికీ పోతే, పెద్దవాళ్ళకి ఈ దేశం ఒక పెద్ద మూసిన తలుపు. అమ్మ వెనకాల గోంగూర వేసుకొని కాలక్షేపం చేసేది. నాన్నగారు మాత్రం వారం తిరక్కుండానే పక్కింటి పెద్దాయనతో స్నేహం కలుపుకున్నారు. ఆయనకి అప్పుడు అరవై ఏడేళ్ళు, నాన్నగారికి అరవై ఒకటి. ఆయన నాన్నగారిని ‘హెడ్మాస్టర్’ అనేవారు, నాన్నగారు మా దగ్గర ఆయన్ని ‘మీ పక్కింటి దొరగారు’ అనేవారు. ఒకరి యాస ఇంకొకరికి సగమే అర్థమయ్యేది. మిగతా సగం టమాటా మొక్కలు నడిపించేవి.

ఒక శనివారం సాయంత్రం ఆయన ఏదో పనిముట్టు ఇస్తానంటే ముగ్గురం ఆయన గరాజులోకి వెళ్ళాం. పైకప్పు నుంచి దారాలతో చిన్న చిన్న చెక్క విమానాలు వేలాడుతున్నాయి. పదకొండు. అన్నీ కారునలుపే. కిటికీల్లేవు, గుర్తుల్లేవు, అంకెల్లేవు. నాన్నగారు వాటిని చూసి రెండడుగులు వెనక్కి వేశారు. “మీకు విమానాలంటే ఇష్టమా హెడ్మాస్టర్?” అని దొరగారు అడిగారు. “ఇష్టం కాదు. వాటిమీద నాకు చిన్న ఫిర్యాదుంది” అన్నారు నాన్నగారు. దొరగారు నవ్వి కుర్చీలు లాగారు. ఆ రాత్రి మేం భోజనాలకి లేచేసరికి తొమ్మిదిన్నర దాటింది.

ఆ నల్ల విమానాల కథ ఇది. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి చేసింది. నెల తిరిగేసరికి, 1942 జనవరిలో, అమెరికా నౌకాదళం దేశంలోని హైస్కూలు పిల్లల్ని ఒక సాయం అడిగింది. తమ విమానాలు, మిత్రదేశాలవి, శత్రుదేశాలవి కలిపి 5 లక్షల చెక్క నమూనాలు చేసిపెట్టమంది. సైనికులకి, కాపలా వాళ్ళకి విమానాల్ని గుర్తుపట్టడం నేర్పడానికి అవి కావాలి. దొరగారికి అప్పుడు పదిహేనేళ్ళు. బళ్ళో వడ్రంగం క్లాసులో పిల్లలంతా పుస్తకాల బొమ్మలు మానేసి వీటి మీద పడ్డారట. అట్టముక్కలు కత్తిరించి కొలబద్దలు చేసుకొని, రెక్క మందం ఒక్క పిసరు ఎక్కువైనా మాస్టారు వెనక్కి ఇచ్చేసేవారట. ఆయన మొదటి విమానం మూడుసార్లు వెనక్కి వచ్చింది.

కొలత అన్నిటికీ ఒకటే, అసలు విమానంలో 72వ వంతు. అంటే 6 అడుగులకి 1 అంగుళం. ఈ లెక్క వెనక ఒక సులువుంది. అలాంటి నమూనాని 35 అడుగుల దూరంలో ఎత్తి పట్టుకుంటే, 35ని 72తో హెచ్చవేయండి, 2,520 అడుగులు. రమారమి అరమైలు దూరంలో అసలు విమానం ఎంత కనబడుతుందో అంతే కనబడుతుందన్న మాట. ఒక తరగతి గది పొడుగులో అరమైలు ఆకాశం ఇమిడిపోతుంది.

మరి నలుపెందుకు? వెలుతురున్న ఆకాశంలో దూరంగా పోతున్న విమానానికి రంగు కనబడదు, ఆకారమే కనబడుతుంది. బొమ్మకి రంగులేస్తే కన్ను రంగుని పట్టుకొని ఆకారాన్ని వదిలేస్తుంది. అంచేత రంగే లేకుండా చేసి, ఆకారాన్నే నేర్పారు.

ఆకారాన్ని చదవడానికి ఒక వరస ఉండేది. ముందు రెక్కలు, తరవాత ఇంజన్లు, తరవాత ఒళ్ళు, చివర తోక. ఈ నాలుగింటి ఇంగ్లీషు పేర్లలో మొదటి అక్షరాలు కలిపి ‘వెఫ్ట్’ అనేవారు. జర్మనీ వాళ్ళ స్టూకా విమానం రెక్కలు ఒంటి దగ్గర కిందికి వంగి, మళ్ళీ పైకి లేస్తాయి. దాని చక్రాలు లోపలికి ముడుచుకోవు, తొడుగులు వేసుకొని బయటే వేలాడతాయి. అమెరికా వాళ్ళ కోర్సెయిర్‌కి కూడా అలాంటి వంపు రెక్కలే, కాని చక్రాలు లోపలికి పోతాయి. లైట్నింగ్‌కి ఒక ఒంటికి బదులు రెండు పొడుగాటి కాడలుంటాయి, చీకట్లో చూసినా అది లైట్నింగే. బి-24 బాంబరుకి సన్నటి పొడుగు రెక్కలు, తోక దగ్గర నిలువుగా రెండు పలకలు. బి-17కి ఒక్కటే పెద్ద పలక. బ్రిటిష్ వాళ్ళ స్పిట్‌ఫైర్ రెక్క అంచు తమలపాకు అంచులా వంపు తిరిగి ఉంటుంది. దానితోపాటే యుద్ధం చేసిన హరికేన్ రెక్కకి ఆ సొగసు లేదు.

వినడానికి సులువే. కాని మేఘాల సందుల్లోంచి రెండు సెకన్లు కనబడిన దానికి రెక్కలు, ఇంజన్లు, ఒళ్ళు, తోక అని నాలుగు మెట్లెక్కే వ్యవధి ఎక్కడ? వెఫ్ట్ అంటే ‘ప్రతిసారీ తప్పే’ అని అర్థం వచ్చేలా సైనికులు ఆ అక్షరాల్ని విరిచి నవ్వుకునేవారట. అప్పుడు మా ఊళ్ళోనే, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో, శామ్యూల్ రెన్షా అనే మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు ఇంకో దారి చెప్పాడు. చదవడం వచ్చినవాడు మాటని అక్షరం అక్షరంగా కూడబలుక్కోడు, మొత్తంగా ఒక్కసారి చూస్తాడు, విమానాన్నీ అలాగే చూడమన్నాడు. తెరమీద బొమ్మని సెకనులో నూరో వంతు సేపు మెరిపించి అదేమిటో చెప్పించేవాడు. నౌకాదళం 1942లో ఈ పద్ధతి తీసుకొని, నేర్పే అధికారుల్ని తయారు చెయ్యడానికి ఇక్కడే బడి పెట్టింది. దొరగారు 1944లో పదిహేడో ఏట నౌకాదళంలో చేరితే, ఎక్కడో పసిఫిక్ సముద్రంలో ఓడ మీద ఆయనకి విమానాలు నేర్పిన అధికారి ఈ కొలంబస్‌లో నేర్చుకు వెళ్ళినవాడేనట. “నా ఊరి చదువు నన్ను వెతుక్కుంటూ అంతదూరం వచ్చింది” అని నవ్వారు.

యుద్ధం అయ్యాక జేమ్స్ గిబ్సన్ అనే ఇంకో శాస్త్రవేత్త వైమానిక దళం కోసం తను చేసిన పరిశోధనల్ని 1947లో ప్రచురించాడు. బొమ్మని అంత వేగంగా మెరిపించడంలో ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదని, ఒక విమానానికీ దాన్ని పోలిన ఇంకోదానికీ తేడా ఎక్కడుందో చూపించి నేర్పడం ముఖ్యమని అందులో తేలింది. ఇది నేను తరవాత చదువుకున్నాను. దీని అవసరం చివర్లో వస్తుంది.

దొరగారు ఇదంతా చెప్పాక, “ఇప్పుడు మీ ఫిర్యాదు చెప్పండి హెడ్మాస్టర్” అన్నారు. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి వచ్చేశారు. నేను అనువాదం చేస్తూ కూర్చున్నాను. నేనూ మొదటిసారి వింటున్న కథని ఇంకొకరికి అనువాదం చెయ్యడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

1942 ఏప్రిల్ 5, ఆదివారం, జపాను నౌకాదళ విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మర్నాడు, 6వ తేదీ సోమవారం, రియూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన కోస్తా మీదికి వచ్చాయి. కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. విశాఖలో వాటి గురి రేవు మీద. 1933లో తెరిచిన రేవు అది, అప్పటికి పట్టుమని పదేళ్ళు లేవు. పక్కనే సింధియా ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేసి ఏడాది కూడా కాలేదు. ప్రపంచ యుద్ధం లెక్కలో అది చాలా చిన్న దాడి. కాని అప్పటిదాకా యుద్ధమంటే పేపర్లో చదివేదే అనుకున్న ఊరికి అది చిన్నదెలా అవుతుంది?

మా ఇల్లు పాత ఊళ్ళో, రేవుకి దగ్గర్లో. నాన్నగారికి తొమ్మిదేళ్ళు. పెదనాన్నకి పన్నెండు. మా మేనత్త ఎనిమిది నెలల పిల్ల. కొలంబో కబురు అప్పటికే వచ్చింది. ఏదైనా అయితే ఎదురింటి వారి మేడమెట్ల కింద దూరాలని పెద్దవాళ్ళు అనుకొని ఉన్నారు. చప్పుడు వినగానే మా నాయనమ్మ పిల్లని భుజాన వేసుకొని వీధి దాటబోయింది. నాన్నగారు మాత్రం, మనందరిలాగే, ఆకాశం వైపు పరుగెత్తారు. విమానం కిందుగా వచ్చింది. రెక్కమీద ఎర్రటి సున్నా కనబడింది.

ఆ సున్నా ఆయనకి తెలుసు. యుద్ధనిధి చందాల కోసం అంటించిన రంగుల పోస్టరు మీద బ్రిటిష్ విమానం ఉండేది. దాని గుర్తు కూడా వలయాల మధ్యలో ఎర్ర సున్నాయే. తనకి తెలిసిన సంగతి తల్లికి చెప్పాలని ఒకటే పరుగు. “అమ్మా, భయం లేదే! మనవే! ఎర్ర సున్నా చూశాను, మనవే!” అని అరిచారు. చదువుకుంటున్న పిల్లాడు చెబుతున్నాడు కదా అని నాయనమ్మ వీధి మధ్యలోంచి వెనక్కి వచ్చి, పిల్లని పెరట్లో నులకమంచం మీద పడుకోబెట్టింది. అప్పుడు రేవు వైపు మొదటి బాంబు పడింది.

మా వీధిలో ఎవరికీ ఏమీ కాలేదు. గోడపెళ్ళలు రాలాయి. రెండు కుండలు పగిలాయి. పసిపిల్ల మర్నాటిదాకా గుక్కపట్టి ఏడ్చింది. ఇంకో రోజు తిరిగేసరికి ఊరంతా మూటాముల్లే సర్దుకొని లోపలి పల్లెలకి బయల్దేరింది. మా వాళ్ళు బండి కట్టించుకొని విజయనగరం వైపు వెళ్ళారు. దారిలో నాయనమ్మ అందిట, “పక్కింటి వాళ్ళ కోడిపెట్టని చూశావా? చప్పుడవగానే పిల్లల్ని రెక్కల కింద పెట్టుకొని బండి కిందికి దూరింది. గద్దని చూసి మనదే అనుకోలేదురా నాయనా!” బండిలో అందరూ నవ్వారు. భయం తీరాక వచ్చే నవ్వు అది. పెదనాన్న ఆ క్షణం నుంచి తమ్ముడికి ‘మనవే’ అని పేరు పెట్టాడు. ఆ పేరు యాభై ఏళ్ళు ఉండిపోయింది.

“అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని మా అమ్మ నా మాట నమ్మి వెనక్కి వచ్చింది. ఆ బాంబు ఒక ఫర్లాంగు ఇవతల పడి ఉంటే?” అని నాన్నగారు ఆగిపోయారు. ముప్పై ఏళ్ళపైన పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, తెలిసీ తెలియని మాట గట్టిగా చెబితే ఏమవుతుందో తొమ్మిదో ఏటే నేర్చుకున్నాడన్న మాట. క్లాసులో ఎవరైనా చెయ్యెత్తి జవాబు చెబితే, “నీకు తెలుసా, అనుకుంటున్నావా?” అని అడగడం ఆయనకి అలవాటు. ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో మాకెవరికీ తెలియదు.

దొరగారు వెంటనే ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. పక్కనున్న అట్టపెట్టె మూత చింపి దాని మీద పెన్సిలుతో ఒక నక్షత్రం గీశారు. నక్షత్రం మధ్యలో ఒక చిన్న సున్నా చుట్టి, “ఇది మా అమెరికా విమానాల గుర్తు. నీలం చక్రంలో తెల్ల నక్షత్రం, దాని మధ్యలో ఎర్ర చుక్క. ఇప్పుడెక్కడైనా ఆ చుక్క కనబడుతుందా?” అని అడిగారు. లేదన్నాను. “1942 మే నెలలో తీసేశారు. ఎందుకో తెలుసా? దూరం నుంచి చూస్తే ఆ ఎర్ర చుక్క జపాను వాళ్ళ ఎర్ర సూర్యుడిలా కనబడి, మా వాళ్ళు మా వాళ్ళనే కాల్చే ప్రమాదం ఉందని. హెడ్మాస్టర్, మీరు ఏప్రిల్లో పడిన పొరపాటు పెద్ద పెద్ద అధికారులకే ఉంది. మీ తరవాత నెల రోజులకి వాళ్ళు ఒప్పుకున్నారు.”

తరవాతెప్పుడో నేను గ్రంథాలయంలో వెతికితే మన వైపు సంగతి కూడా దొరికింది. బ్రిటిష్ వైమానిక దళం కూడా మన ప్రాంతంలో తన గుర్తులోంచి ఎరుపు తీసేసింది. ఎరుపున్న చోట ముందు తెలుపు, తరవాత లేతనీలం వచ్చాయి. యుద్ధకాలంలో మన భారత వైమానిక దళం విమానాల మీద కూడా ఆ నీలాలే. అంటే, పాత ఊళ్ళో ఒక తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి మోసం చేసిన ఎర్ర సున్నాని సైన్యాలే భయపడి చెరిపేసుకున్నాయి. ఆ కాగితాల నకళ్ళు నాన్నగారికి పంపించాను. జవాబు రాస్తూ వాటి సంగతి ఒక్క ముక్కే రాశారు, “పెదనాన్నకి చూపించాను.”

ఆ రాత్రి గరాజులో కథ అక్కడితో ముగియలేదు. దొరగారు తన వంతు చెప్పారు. ఓడ మీద ఆయన పని ఫిరంగికి గుళ్ళు అందించడం. ఒక సాయంత్రం చీకటి పడే వేళ ఒంటరిగా ఒక విమానం నీటికి దగ్గరగా ఓడ వైపు వచ్చింది. ఎవరో శత్రువన్నారు. ఓడంతా కాల్చింది. అది తమదే. దెబ్బతిని దారి తప్పి వస్తోంది. నీళ్ళలో పడిన పైలటుని బతికుండగానే పైకి తీశారు. “అది మా అదృష్టం, మా తెలివి కాదు. నేను నా చేత్తో ఆ విమానాన్ని చెక్కతో చేసినవాణ్ణి. చేసిందీ నేనే, గుళ్ళు అందించిందీ నేనే” అన్నారాయన.

ఇలాంటివి చరిత్రలో కొల్లలు. పెర్ల్ హార్బర్ దాడి జరిగిన రాత్రే, దిగడానికి వస్తున్న తమ 6 వైల్డ్‌క్యాట్ విమానాల మీద అమెరికన్ ఫిరంగులు విరుచుకు పడ్డాయి. ముగ్గురు పైలట్లు పోయారు. 1939 సెప్టెంబరు 6న ఇంగ్లండులో స్పిట్‌ఫైర్లు తమ హరికేన్లనే కూల్చాయి. ఆ యుద్ధంలో బ్రిటన్ పోగొట్టుకున్న మొదటి ఫైటర్ పైలటు అలా తనవాళ్ళ చేతిలో పోయాడు. 1943 జూలై 11 రాత్రి సిసిలీలో పారాచూట్ సైనికుల్ని తీసుకువచ్చిన 144 విమానాల్లో 23 తమ ఓడల, తమ దళాల కాల్పులకే కూలిపోయాయి. అంచేతనే 1944 జూన్ 6న నార్మండీలో సేనలు దిగినప్పుడు ఆకారాన్ని, చదువుని నమ్ముకోకుండా, మిత్రదేశాల విమానాల రెక్కలకీ ఒంటికీ నలుపూ తెలుపూ పట్టీలు వేశారు. ఎవరికైనా, ఎంత భయంలోనైనా కనబడేటట్టు.

నాన్నగారు పరాయివాణ్ణి మనవాడనుకున్నారు, దొరగారు మనవాణ్ణి పరాయివాడనుకున్నారు. ఈ రెండు తప్పుల్లో ఏది పెద్దదని నేను అడగలేదు. అడగవలసిన అవసరం వాళ్ళిద్దరి మధ్యా లేదు.

వారం తరవాత దొరగారు ఒక అట్టపెట్టె పట్టుకొని వచ్చారు. అందులో కొత్తగా చేసిన నల్ల విమానం. రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి ఎనిమిదిన్నర అంగుళాలు. “ఇది నాకజిమా బి5ఎన్. మేం కేట్ అనేవాళ్ళం. మీ ఊరికి వచ్చింది ఇదే” అన్నారు. జపాను విమానాల అసలు పేర్లు నోరు తిరగక అమెరికన్లు వాటికి తమ పేర్లు పెట్టుకున్నారు. యుద్ధవిమానాలకి మగవాళ్ళ పేర్లు, బాంబర్లకి ఆడవాళ్ళ పేర్లు. ఇది విని మా అమ్మ, “బాంబులకి మా పేర్లే దొరికాయా?” అని గోంగూర కట్ట కింద పెట్టి మరీ అడిగింది. దొరగారి దగ్గర దానికి జవాబు లేకపోయింది.

తరవాత ముగ్గురం పచ్చిక మీదికి వెళ్ళాం. నాన్నగారిని కంచె దగ్గర నిలబెట్టి, దొరగారు 35 అడుగులు కొలిచి, విమానాన్ని పైకెత్తి పట్టుకున్నారు. సాయంత్రపు వెలుతురు వెనక ఉంది. నాన్నగారు చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూశారు. ఆయన అలా చూడగా నేను చూడ్డం అదే మొదటిసారి. గుండ్రటి మొండి ముక్కు, ఒకటే ఇంజను, కిందుగా అతికిన రెక్కలు, ముగ్గురు కూర్చునేంత పొడుగాటి గాజుకప్పు, చక్రాలు కనబడవు. “గుర్తుపట్టారా?” అని దొరగారు కేకేశారు. నాన్నగారు తల అడ్డంగా ఊపారు. “లేదు. ఆ రోజు నేను విమానాన్ని చూడలేదు. సున్నానే చూశాను” అన్నారు.

ఆ మాట నాతో ఉండిపోయింది. మనం చూసిన దాన్ని గుర్తుపట్టం, ముందే తెలిసిన దాన్ని చూస్తాం. ముందు నేర్చుకోకపోతే, వేళకి కళ్ళు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మన సంఘంలో ఆదివారం తెలుగు క్లాసు చాలా ఏళ్ళు నేను నడిపాను. ఇక్కడ పుట్టిన పిల్లలు ‘ప’నీ ‘వ’నీ, ‘మ’నీ ‘య’నీ, ‘ఘ’నీ చూసి తికమక పడుతుంటే మొదట్లో విసుగొచ్చేది. ఇంత తేడా కనబడదా అనుకునేవాణ్ణి. నాకు కనబడేది నాకు తెలుసు కనక. ఆ వేసవి తరవాత పద్ధతి మార్చాను. అక్షరాల్ని వరసగా చెప్పడం తగ్గించి, పోలికున్నవాటిని పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో వాళ్ళచేతే వేలు పెట్టి చూపించేవాణ్ణి. విమానాలకి పనికొచ్చింది అక్షరాలకీ పనికొచ్చింది. ఎవరైనా ఊహించి చెబితే, “నీకు తెలుసా, అనుకుంటున్నావా?” అని నేనూ అడగడం మొదలుపెట్టాను.

నాన్నగారు ఆ కేట్‌ని విశాఖ తీసుకెళ్ళి రాతబల్ల మీద పెట్టుకున్నారు. ఆ తరవాత నేను సెలవులకి వెళ్ళినప్పుడు, విమానం చప్పుడు వినబడితే ఆయన అరుగు మీదే కూర్చొని ఉండడం గమనించాను. తలెత్తి చూసేవారు కాదు. లోపలికీ వెళ్ళేవారు కాదు. పేపరు చదువుకుంటూ ఉండేవారు.

ఇప్పుడు నాన్నగారూ లేరు, దొరగారూ లేరు. ఆయన పిల్లలు గరాజు ఖాళీ చేస్తున్నప్పుడు పదకొండు విమానాల్లో ఒకటి నాకిచ్చారు. మూడుసార్లు వెనక్కి వచ్చిన ఆ మొదటిదే. కేట్ కూడా నాన్నగారి బల్ల మీంచి మళ్ళీ సముద్రాలు దాటి నా దగ్గరికి వచ్చింది. సంక్రాంతికి మా ఆవిడ బొమ్మల కొలువు పెట్టినప్పుడు అడుగు మెట్టు మీద ఆ రెండూ పక్కపక్కన ఉంటాయి. కొండపల్లి బొమ్మల రంగుల మధ్య నల్లగా ఉన్నవి ఇవే కాబట్టి పిల్లల చెయ్యి ముందు వాటిమీదికే పోతుంది. “ఇది ఎవరిది తాతగారూ?” అని అడుగుతారు.

నేను వెంటనే చెప్పను. హాల్లో ఈ చివర వాళ్ళని నిలబెట్టి, ఆ చివర కిటికీ వెలుతురుకి ఎదురుగా ఒక్కొక్కటీ ఎత్తి పట్టుకుంటాను. మా హాలు 35 అడుగులు లేదు, అయినా సరిపోతుంది. రెక్కలు చూడండి, ముక్కు చూడండి, తోక చూడండి అంటాను. మా మనవరాలు కిందటిసారి ఇంకా చూస్తూనే ఉంది, ఎంతసేపటికీ చెప్పలేదు. ఏమిటమ్మా అంటే, “ఉండండి తాతగారూ, ఇంకా తెలీలేదు” అంది.

మా నాన్నగారు ఉంటే ఆ పిల్లకి నూటికి నూరు వేసేవారు.